లైన్లోనే ఉండండి

పొద్దున్నే గిన్నెలు తోముతుంటే హాల్లోంచి ఆమె గొంతు ఆమెకే వినిపించింది. "మీ ఫోనుకొచ్చిన అంకెలు ఎవరికీ చెప్పకండి. ఎవరడిగినా..." అంతవరకే. భర్త మీట నొక్కేశాడు. ఆ ఊళ్ళో ఎవరు ఎవరికి ఫోను చేసినా ముందు ఆ హెచ్చరిక వస్తుంది, మీట నొక్కితే ఆగిపోతుంది. "చూశావా, నీ నోరు మూయించడానికి ఒక్క మీట చాలు. ఇంట్లో కూడా ఇలాంటిదొకటి పెట్టించాలి" అని నవ్వాడు. ఎనిమిది నెలలుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అదే వడ్డిస్తున్నాడు. ఆమె కూడా ప్రతిసారీ నవ్వేది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు, దానిమీద మళ్ళీ గంటసేపు పంచాయితీ.

ఆమె టెలిఫోన్ కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తుంది. వయసు మళ్ళినవాళ్ళనీ ఒంటరివాళ్ళనీ ఫోన్లలో మాయచేసి దోచుకోవడం ఎక్కువైపోయిందని పోలీసు శాఖా, ఒక బ్యాంకూ, వీళ్ళ కంపెనీ కలిసి రక్షణ కేంద్రం పెట్టాయి. ప్రభుత్వమూ ప్రైవేటూ చేయీ చేయీ కలిపాయని గోడనిండా పోస్టరు. అందులో మూడు చేతులు, మూడూ మగవాళ్ళవే, మూడింటికీ ఖరీదైన వాచీలు. హెచ్చరిక చదవడానికి మాత్రం ఆడగొంతు కావలసి వచ్చింది. "మీ గొంతు అమ్మలా ఉంటుందమ్మా, ఒక్క పది నిమిషాలు" అన్నాడు మేనేజరు. ఆ పది నిమిషాలూ ఆమె భోజనం గంటలోంచే పోయాయి. సామాన్ల గదిలో అట్టపెట్టెల మధ్య, గొంతు మారుమోగకుండా దుప్పటి కట్టి, పద్నాలుగుసార్లు చదివించారు. క్యారేజీ విప్పనేలేదు. డబ్బు మాటెత్తితే "సేవకి వెలకడతామా అమ్మా!" అన్నాడు. ప్రారంభోత్సవంలో ఆయన మెడలో దండ పడింది. వెనకాల టీలు అందరికీ అందాయో లేదో చూసే పని ఆమెకు పడింది.

ఎవరికీ చెప్పలేదు కాని, ఆ పద్నాలుగోసారి మాటలు వట్టినే రాలేదు. హెచ్చరికతోపాటు, కేంద్రానికి ఫోను చేసిన వాళ్ళకి మొట్టమొదట వినబడవలసిన మాటలు కూడా ఆ కాగితంలో ఉన్నాయి: "భయపడకండి. మీకు తోడుగా మేమున్నాం. లైన్లోనే ఉండండి." పదమూడుసార్లు కాగితం చూసి చదివింది. పద్నాలుగోసారి ఆకలితో కళ్ళు మూసుకుంటే ఆసుపత్రి గుర్తొచ్చింది. రెండో బిడ్డ కడుపులోనే పోయినప్పుడు, ఎండ పడుతున్న ఆ గదిలో, మంచం పక్కన ఖాళీ కుర్చీ. సాయంత్రందాకా ఎవరూ వచ్చి కూర్చోని కుర్చీ. ఆరోజు తనతో ఎవరైనా అని ఉంటే బాగుండేదనుకున్న మాటల్ని, ఎలా అని ఉంటే బాగుండేదనుకుందో అలాగే అనేసింది. "అదీ! అదే కావాలి!" అని మేనేజరు చప్పట్లు కొట్టాడు.

ఇంట్లో ఆ గొంతుకి పందొమ్మిదేళ్ళుగా చెల్లుబాటు లేదు. "పొయ్యి తగ్గించండి అత్తయ్యా" అంటే "నీకేం తెలుసు". "మాత్ర తిన్నాక వేసుకోవాలి అత్తయ్యా" అన్నా "నీకేం తెలుసు". చివరికి వాన వస్తోంది, బట్టలు తీయాలన్నా అంతే, బట్టలు తడిశాక "చెప్పొచ్చుగా" అనేది అత్తగారు.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఎత్తగానే కోడలి గొంతు. భయపడకండి, మీకు తోడుగా మేమున్నాం, లైన్లోనే ఉండండి. ఆ వెంటనే ఎవడో అధికారినంటూ మాట్లాడాడు. మీ ఖాతా ప్రమాదంలో ఉంది, నేను చెప్పినట్టు చేస్తే కాపాడతానన్నాడు. కోడలు ఆఫీసులో ఉంది, కొడుకు బయట ఉన్నాడు. గంటా నలభై నిమిషాలు అత్తగారు లైన్లోనే ఉంది. ఫోనుకొచ్చిన అంకెలన్నీ ఒక్కొక్కటే కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మామగారు పోయాక ఆవిడ పేరుమీద ఉన్న సొమ్ము ఆ ఖాతాలోదొక్కటే. మొత్తం ఊడ్చుకుపోయారు.

"నీ గొంతే మా అమ్మని ముంచింది" అన్నాడు భర్త. మీట హాస్యం ఆరోజుతో ఆగిపోయింది, దాని స్థానంలో ఈ మాట చుట్టాలందరికీ చేరింది. ఆడపడుచు ఫోను చేసి "ఎంతిచ్చారు వదినా నీకు ఆ దొంగలు?" అని అడిగింది. సేవకి ఎవరూ ఏమీ ఇవ్వరని చెబుదామనుకుంది కాని, ఫోను పెట్టేసింది.

సోమవారం ఆమెను మీటింగుకి పిలిచారు. పోలీసు ఆఫీసరు, బ్యాంకు నుంచి ఒకావిడ, తమ మేనేజరు. బ్యాంకావిడ ఫైలు తిప్పుతూ "ఈ గొంతు వినిపించి దోచుకున్నవాటిలో ఇది నలభై రెండో కేసు" అంది.

"మొదటిదెప్పుడండీ?" అని అడిగింది ఆమె.

బ్యాంకావిడ మేనేజరు వైపు చూసింది. "రెండు నెలలైంది. మేం వెంటనే కంపెనీకి రాశాం."

"మేం పోలీసులకి రాశాం" అన్నాడు మేనేజరు.

"మేం ఇద్దర్నీ సలహా అడిగాం" అన్నాడు ఆఫీసరు. "బయటపెడితే కేంద్రం మీద జనానికి నమ్మకం పోతుందని ముగ్గురం ఏకాభిప్రాయానికొచ్చాం."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నెలల్లో ఈ ముగ్గురూ నిజంగా కలిసి చేసిన పని ఇదొక్కటే. "నాకెందుకు చెప్పలేదు సార్? నా గొంతు కదా."

"మీరు కంగారుపడతారనమ్మా" అని మేనేజరు ఒక కాగితం ముందుకు జరిపాడు. 'ఇటీవల కొందరు వినిపిస్తున్న గొంతు నకిలీది. దానిని నమ్మవద్దు.' ఎవరు చదవాలని అడిగితే "మీరే. మీ గొంతైతేనే జనం నమ్ముతున్నారు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో ఆమెకు తోచలేదు. ఆమె గొంతుని నమ్మొద్దని ఆమె గొంతే చెప్పాలట.

లేచి వస్తుంటే మేనేజరు వెనకే వచ్చి గొంతు తగ్గించాడు. "ఇది మీ ఇంట్లోనే జరిగింది కదా. విచారణలో మీ పేరు రాకుండా చూస్తామన్నారు ఆఫీసరుగారు. రేపు భోజనం టైములో చదివేయండి. లేకపోతే మీ ఉద్యోగానికి నేను పూచీ ఉండలేను."

ఇంట్లో భర్త కూడా అదే పాట. "నకిలీదనో గికిలీదనో అనేస్తే నీ సొమ్మేం పోతుంది? పది సెకన్ల పని."

ఆమె మంచినీళ్ళూ మాత్రలూ తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అడగకూడదనుకుంటూనే అడిగేసింది. "నేను ఎదురుగా నిలబడి చెప్తే ఒక్క మాటా వినరు కదా అత్తయ్యా. ఫోన్లో ఎలా నమ్మారు?"

 గోడతోనే అన్నట్టు అంది అత్తగారు. "భయపడకండి అన్నావుగా. ఈ ఇంటికొచ్చి యాభై రెండేళ్ళయింది. ఆ మాట నాతో అన్నదెవరే?"

ఆమె గ్లాసు మంచం పక్కన పెట్టింది. మామగారు అనలేదు, కొడుకు అనలేదు. పందొమ్మిదేళ్ళుగా వండి పెట్టిన తనూ అనలేదు, ఎందుకంటే తనతోనూ ఎవరూ అనలేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాట కోసం మొహం వాచి ఉంటే, ఆ మాట దొంగ పట్టుకొచ్చి ఇచ్చాడు. అందుకే ఆవిడ లైన్లో ఉంది.

మర్నాడు భోజనం గంటలో మళ్ళీ అదే సామాన్ల గది, అదే దుప్పటి. ముగ్గురూ ఎదురుగా నిలబడ్డారు. రికార్డు చేసే యంత్రం మీద ఎర్ర దీపం వెలిగింది. ఆమె కాగితం మడిచి క్యారేజీ కింద పెట్టింది.

"మీరు విన్న గొంతు నకిలీది కాదు, నాదే. రెండు నెలల క్రితం దొంగల చేతికి చిక్కింది. ఆ సంగతి పోలీసులకీ బ్యాంకుకీ మా కంపెనీకీ తెలుసు. మీకు చెప్పలేదు." మేనేజరు రెండు చేతులూ ఊపుతున్నాడు. "ఆపండి" అంటున్నాడు ఆఫీసరు. బ్యాంకావిడ మాత్రం నేలవైపు చూస్తూ ఉండిపోయింది. "ఇకమీద ఈ గొంతు భయపడకండి అంటే, భయపడండి. లైన్లోనే ఉండండి అంటే, పెట్టేయండి. మీకు తోడుగా మేమున్నామన్నాను. లేము."

దీపం ఆరింది. "ఇది చెరిపేద్దాం" అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ. "కాగితంలో ఉన్నట్టు మళ్ళీ చదవండమ్మా, లేకపోతే..."

"చెరిపేసుకోండి సార్" అంది ఆమె, క్యారేజీ మూత తీస్తూ. "నన్ను తీసేసేదాకా నా సీటుకి రోజుకి వంద ఫోన్లొస్తాయి. తిన్నాక వెళ్ళి ఒక్కొక్కళ్ళకీ ఇదే చెప్తాను. ముందు మా అత్తగారికి చేస్తాను. దానికి మీట లేదు."