వాగు మలుపు గుంత

శంషాబాద్ నుంచి ఉందానగర్ స్టేషన్‌కు పోయే బండిబాటలో, వాగు మలుపు దగ్గర ఒక గుంత ఉండేది. వానాకాలంలో అందులో బండి దిగబడిందంటే ఎద్దులకు ఏడుపొచ్చేది, బండివాడికి బూతులొచ్చేవి. గొర్రెలు కాచుకునే కుర్మయ్యకు బండీ లేదు, ఎద్దులూ లేవు. అయినా రోజూ అటే మందను తోలుకుపోతూ ఆ అవస్థ చూడలేక, ఒకనాడు కొత్త రుమాలు చుట్టుకుని సర్కారు కచేరీకి వెళ్లి అక్కడి అధికారి సాబుకు మొరపెట్టుకున్నాడు.

సాబు పాన్ నములుతూ, "దేఖేంగే, జావ్" అన్నాడు.

కుర్మయ్యకు ఉర్దూ రాదుగానీ వచ్చనుకునేవాడు. చూస్తామన్నాడంటే చూడటానికి వస్తాడనే కదా! "సాబు తొవ్వ జూడనీకి వస్తున్నడు" అని ఊరంతా చెప్పాడు. పటేలు రామచంద్రయ్య అరుగుకు సున్నం వేయించాడు. ఈరమ్మ సాబు విందు కోసమని ఒక కోడిని కోయకుండా దాచింది. సాబు రాలేదు. వానలు వచ్చాయి, పోయాయి, కోడి ముసలిదైంది. ఊరు మాత్రం కుర్మయ్యను 'దేఖేంగే' అని పిలవసాగింది.

ఆ పిలుపు విని విని కుర్మయ్యకు మనసు విరిగింది. పొద్దెక్కేదాకా గొంగడి ముసుగు తీసేవాడు కాదు.

"ఊరి మంచి నాకెందుకే! ఇగ ఆ తొవ్వ దిక్కే జూడ" అన్నాడు భార్య శివమ్మతో.

"మరి గొర్లను ఏడ మేపుతవ్, ఆకాశంలనా?" అంది శివమ్మ, రొట్టె తట్టడం ఆపకుండా. "సాబు రాకుంటె రాకపాయె. దినాం పోయెటోనివే గద, పోంగ ఒక గంపెడు మొరం ఏసి పో. నీ మాట పోయింది గాని చేతులకేమైంది?"

మర్నాడు కుర్మయ్య ముసుగు తీసి గంప పట్టుకుని లేచాడు. గుంతలో మొరం మట్టి పోశాడు. గుంత తన పాటికి తాను నోరు తెరుచుకునే ఉంది. రోజూ పోశాడు.

"ఏనుగు దూపకు చూరు నీళ్లు!" అని నవ్వాడు బండి మొగులయ్య.

పోను పోను గుంత కాస్త పూడింది. అంతలో ముసురు పట్టి, పోసిందంతా వాగు పాలైంది. కుర్మయ్య గట్టున కూలబడి గంపను బోర్లించి దాని మీదే తల ఆనించాడు. సరిగ్గా అప్పుడే మొగులయ్య జొన్న బస్తాల బండి వచ్చి దిగబడింది. అతను మోకాటిలోతు బురదలో దిగి కుర్మయ్య మీదే విరుచుకుపడ్డాడు.

"ఏంది కుర్మయ్యా! మొన్నటిదాంక మంచిగుండె. గిట్ల ఖరాబ్ చేసినవేంది?"

"నాకేమన్న జీతమిస్తున్నవా?" అని కుర్మయ్యా ఎగిరాడు. తిట్టుకుంటూనే ఇద్దరూ బండిని గట్టెక్కించారు. బండి పోయాక గానీ కుర్మయ్యకు ఆ మాట తలకెక్కలేదు. మొన్నటిదాకా బాగుందట! ఒంటరిగా నిలబడి పకపకా నవ్వాడు. గొర్రెలు మేత మాని చూశాయి.

మర్నాటి నుంచి అడుగున రాళ్లు పరిచి, పైన మొరం పోయసాగాడు. ఊళ్లోవాళ్లు వచ్చి ఫిర్యాదులు మొదలుపెట్టారు. ఒక బండ కదులుతోందని ఈరమ్మ, ఎత్తు ఎక్కువైందని ఐలయ్య. కుర్మయ్య చిన్నపాటి దొరలా గొంతు సవరించుకుని, "నాకు చెప్పెటోల్లు చేతుల ఒక రాయి పట్టుకొచ్చి చెప్పాలె" అన్నాడు.

వంకలు పెట్టేవాళ్లకు మన ఊళ్లలో కొదవా? రాళ్లు గుట్టపడ్డాయి. లచ్చమ్మయితే తన కోడలి మీద చెప్పుకోవడానికి కూడా రెండు తెచ్చింది. కుర్మయ్య అంతా విని, కోడలిని ఏమీ అనకుండా ఆ రెండూ గుంతలో సర్దాడు.

మరుసటి వానాకాలానికి గుంత చదునైపోయింది. ఒకనాడు సాబు రైలు కోసం టాంగాలో వస్తూ, కుదుపు లేకపోయేసరికి ఆపించి, "ఎవరు చేసిండ్రు?" అని అడిగాడు.

"మేమే, సర్కార్" అంటూ, టాంగాను చూసి పరుగెత్తుకొచ్చిన పటేలు గుండె మీద చెయ్యి వేసుకుని ముందుకొచ్చాడు. పక్కనే ఉన్న కుర్మయ్య ముఖం ఆముదం తాగినట్టయింది.

"షాబాష్! అయితే స్టేషన్ దాంక అంత మీరే మంచిగ చెయ్యండ్రి, పటేల్ సాబ్. నేను ఎప్పుడు ఇదే తొవ్వల వస్త" అని సాబు వెళ్లిపోయాడు. పటేలు చెయ్యి గుండె మీదే ఉండిపోయింది.

తెల్లవారి కుర్మయ్య మందను తోలుకొస్తుంటే, స్టేషన్ దగ్గరి మరో గుంత పక్కన రామచంద్రయ్య గంపతో నిలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని దిక్కులు చూస్తున్నాడు.

"ఏందిరా నవ్వుతున్నవ్? ఈ మొరం ఈడ పొయ్యాల్నా, ఆడ పొయ్యాల్నా?"

కుర్మయ్య కర్ర మీద గడ్డం ఆనించి తీరిగ్గా గంపలోకి చూశాడు.

"మొరం తర్వాత, పటేలా. ముందుగాల పోయి రాళ్లు తెచ్చుకో."