డ్రమ్ము కింద టర్కీ కోడి

ఈరన్న బోరు మోటారు దగ్గర కరెంటు తగిలి చనిపోయిన రోజు, పెరట్లో మూడు టర్కీ కోళ్ళు ఆకలితో అరుస్తూనే ఉన్నాయి. మేత వేయాలని సాయంత్రం దాకా ఎవరికీ తోచలేదు. చివరికి వనజాక్షే లేచి, నూకలు చల్లి వచ్చి, మళ్ళీ భర్త పక్కన కూర్చుంది.

ఆమె గార్లదిన్నె దగ్గరి ఒక పల్లెలో బడిపంతులమ్మ. ఆ కోళ్ళను పిల్లలుగా ఉన్నప్పుడు ఈరన్న గుంతకల్లులో ఒక రైల్వే గార్డు ఇంటి నుంచి బుట్టలో తెచ్చాడు. ఆ ఇంట్లోనే క్రిస్మస్ పండుగనాడు కోడిని ముక్కలు కొట్టకుండా, నిండుగా కాల్చి పళ్ళెంలో పెట్టడం చూశాడు. తినమని అతన్ని ఎవరూ పిలవలేదు. "మన చేన్లో, ముక్క చేయకుండా, ఒగసారి వండుకొని తినాల" అని రెండేళ్ళు అన్నాడు. తినకుండానే పోయాడు.

పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి ఆకులో పెడతారు. ఈరన్న పోయాక మొదటి పెద్దల అమావాస్య 2003లో వచ్చింది. కోడిని నిండుగానే పెడతానని వనజాక్షి ఇంట్లో ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పలేదు.

నెల ముందే మొదలుపెట్టింది. మొదటిదాన్ని కడ్డీకి గుచ్చి తుమ్మ నిప్పుల మీద తిప్పితే, చర్మం బొగ్గయింది, లోపల నెత్తురు నెత్తురుగానే ఉంది. రెండోదాన్ని మోదుగాకుల్లో చుట్టి, గుంతలో కాల్చిన రాళ్ళ మధ్య పూడ్చింది. రాళ్ళు చాలినంత కాగలేదు. సాయంత్రం తవ్వి తీస్తే ఒళ్ళు వెచ్చబడిందంతే. రెండుసార్లూ ముక్కలు కొట్టి, కూర చేసి వీధిలో పంచారు.

ఇక మిగిలింది ఒక్కటే.

అమావాస్య పొద్దున చేన్లో ఇనుప కడ్డీ నిలువుగా పాతి, ఉప్పూ కారం అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిని దానిమీద కూర్చోబెట్టినట్టు గుచ్చింది. సగానికి కోయించిన ఇనుప డ్రమ్మును పైన బోర్లించింది. చుట్టూ, మీదా తుమ్మ నిప్పులు పోసి, ఆరిపోకుండా వేరుశనగ పొట్టు కప్పింది. ఆ ఏడు పంట ఎండిపోయింది. పొట్టు కూడా మిల్లు నుంచి తెచ్చిందే.

మరిది ఓబిలేష్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆకులో పెట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. అతను వాసన పీల్చడానికి కట్టెతో డ్రమ్ము అంచు పైకెత్తాడు.

"ఎత్తద్దు. వేడి పోతుంది."

"ఏం వదినా, లోపల ఉండాదో ఎగిరిపోయిందో చూడద్దా?"

"ఇది మూడోసారి ఎత్తడం."

"నాలుగోసారి. నువ్వు నీళ్ళకు పోయినప్పుడు ఒగసారి చూసినా."

వనజాక్షి అతనివైపు చూసింది. బడిలో అయితే ఆ చూపు చాలు. ఓబిలేష్ రెండడుగులు వెనక్కి వేసి, గట్టు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక డ్రమ్ము తీశారు. కోడి నిండుగా, ఎర్రగా నిగనిగలాడుతోంది. అత్త అంజనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముక్క తుంచి నోట్లో ఏసుకొని చూడు వదినా, ఉడికిండాదేమో" అన్నాడు ఓబిలేష్.

"యాడన్నా ఉంటాదా అప్పా! పెద్దలకు పెట్టేది ముందే ఎంగిలి చేస్తారా?" అంది అంజనమ్మ.

వనజాక్షి సన్న కడ్డీ తీసి తొడలోకి దించింది. ఎర్రటి నీరు కారింది.

ఓబిలేష్ తల వంచుకున్నాడు.

"కొట్టి చట్టిలో ఏస్తే గంటలో అయితాది వనజా" అంది అంజనమ్మ మెల్లగా. "పొద్దు కుంకక ముందే పెట్టాల. వాడు కాచుకోనుంటాడు."

"ముక్కలు చేస్తే ఆయన కోసం వండినట్టు కాదత్తా."

"పొద్దు కుంకితే?"

"కుంకనివ్వను" అని, అన్న మాటకు తనే ఒక్క క్షణం ఆగింది. తర్వాత చేతిగుడ్డతో డ్రమ్ము అందుకుని, మళ్ళీ కోడిమీద బోర్లించింది.

అంజనమ్మ పక్కనున్న రాయి మీద కూర్చుంది.

"రెండేండ్లు కాచుకున్న నా కొడుకు ఇంగొక గంట ఆగలేడా?" అంది. "ఒరే ఓబిలేషూ, పొట్టు తే. ఈసారి మూత ముట్టినావంటే నీ చెయ్యి నిప్పుల్లో పెడతా."

ఓబిలేష్ గోతం ఎత్తుకొచ్చి పోశాడు. పొగ లేచింది. వనజాక్షి కడ్డీ తుడిచి, డ్రమ్ము దగ్గరే నిలబడింది. పడమట పొద్దు ఇంకా బారెడు ఉంది. లోపల తొడ ఎముక దగ్గర మాంసం ఇంకా ఉడకాలి.