పెట్టె దుమ్ము దులిపిన రోజు

ఆ రిపేరు కొట్లో ఏ కంప్యూటరొచ్చినా మొదటి పని దుమ్ము ఊదడమే. కొట్టు నడిపే అమ్మాయి పెట్టె మూత విప్పి, గాలిమిషన్ పెట్టి ఊదుతుంది. దుమ్మంతా బయటికొచ్చి, ఆ పెట్టె ముందు ఎవరు ఎక్కువ కాలం కూర్చున్నారో ఆ మనిషై కాసేపు స్టూలు మీద కూర్చుంటుంది. అందుకని అక్కడొక స్టూలు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. తెలీక ఎవరైనా కూర్చోబోతే, "లేవండి, అది దుమ్ముకి" అంటుందా అమ్మాయి. మా ముందొచ్చిన గుమస్తాగారి దుమ్మయితే కూర్చున్నంతసేపూ ఒకటే ఆవలింతలు. ఆయన పక్కనే నిలబడి సిగ్గుతో చచ్చిపోయాడు, వాళ్ల మేనేజరు కూడా ఉన్నాడు మరి.

మా తమ్ముడు పెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు.

పెద్దాఫీసు గోడ పక్కన వాడికీ మరదలికీ టైపు కొట్టుండేది. జనం వచ్చి గోడు చెప్పుకుంటే ఇద్దరూ మార్చి మార్చి అర్జీలు కొట్టేవాళ్లు. మరదలు పోయి ఇరవై రెండు రోజులు. ఆ రోజు నుంచీ పెట్టె లేవలేదు. సోమవారానికి కొట్టు తెరవకపోతే ఆ చోటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్లు చెప్పేశారు. ఇచ్చేసుకోనీ అంటాడు వీడు. గోడకేసి తిరిగి పడుకున్నవాడు, ఆ కొట్టు కూడా పోతే ఇక మంచం దిగడు. నాకు తెలుసు. పెంచినదాన్ని కదా. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"ఏమైంది బాబాయ్?" అంది అమ్మాయి.

"నా చెయ్యి పోయిందమ్మా. తొమ్మిదేళ్లు నేను గుండీ నొక్కితేనే లేచేది. మా ఆవిడ నొక్కినా లేచేది కాదు. ఇప్పుడు నా మాటా వినట్లేదు."

"చెయ్యి సంగతి డాక్టరు చూస్తాడు, పెట్టె సంగతి నేను చూస్తా. పెద్దమ్మా, కాస్త జరుగు."

ఊదింది. దుమ్ము మెల్లగా లేచి స్టూలు మీద కూర్చుంది. మా మరదలే. అదే వంగిన వీపు, అదే కిందికి జారిన ఎడమ భుజం.

"అలిసిపోయింది," అన్నాడు తమ్ముడు. నేను లేచి కిటికీ మూశాను, గాలి తగలకుండా.

అమ్మాయి పని మొదలెట్టింది. ప్లగ్గు చూసింది, బాగుంది. కరెంటిచ్చే డబ్బా విడిగా పెట్టి చూసింది, దాని ఫ్యాను తిరిగింది. పలకలాంటిది ఒకటి పీకి, పెన్సిలు రబ్బరుతో దాని అంచు రుద్దింది. బిళ్లంత బ్యాటరీ మార్చింది. గుండీ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు.

"లోపల అన్నీ బాగానే ఉన్నాయే!" అని నడుం పట్టుకుని, ఈసారి గుండీ వైరు వెంట వేలు పోనిచ్చింది. పోనిచ్చి ఆగిపోయింది.

"బాబాయ్, ఈ వైరు తెగి ఏళ్లయింది. కొసలు తుప్పు కూడా పట్టాయి. ఈ గుండీ దేనికీ తగిలిలేదు."

"రోజూ నేనే నొక్కానమ్మా! నొక్కగానే లేచేది."

"అప్పుడు పిన్నిగారు ఎక్కడుండేవారు?"

"వెనకాల. ప్లగ్గు వదులైందని వంగి సరిచేసేది. రోజూ అదే గోల."

అమ్మాయి పెట్టె తిప్పింది. వెనక సందులోంచి రెండు సన్నటి తీగలు బయటికొచ్చి, ఎర్రదారంతో ముడేసి ఉన్నాయి, రాగి కొసలు మాత్రం ఒకదానికొకటి తగల్లేదు. కుట్టుపని దారం. ఆ ముడి మరదలిదే.

అప్పుడు దుమ్ము చెయ్యి లేచింది. తలలోకి పోయి, దుమ్ముపిన్ను ఒకటి తీసి, ఆ రెండు తీగల మీద ఆనించింది. ఆనించగానే పిన్ను రాలిపోయింది. ఇంకోటి తీసింది. అదీ రాలింది.

తమ్ముడు నా వైపు తిరిగి, "అక్కా," అని చెయ్యి చాచాడు.

నా కొప్పులో పిన్ను పీకి ఇచ్చాను. జుట్టంతా మొహాన పడింది. వాడు వంగి తీగల మీద ఆనించాడు. పెట్టె గుర్రుమంది. లోపలి ఫ్యాను తిరగ్గానే దుమ్మంతా కదిలి, ముందు వేళ్లు, తర్వాత భుజం, చివరికి ఆ వంగిన వీపు, తిరిగి లోపలికెళ్లిపోయింది.

వాడన్నాడు, "తొమ్మిదేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేసిందే!"

"చేసి నవ్వుకుందేమో," అన్నాను.

"నవ్వేది. వెనకాల ఎందుకు నవ్వుతున్నావే అంటే తుమ్మొచ్చిందనేది."

"కొత్త గుండీ వేసేయనా బాబాయ్?" అంది అమ్మాయి.

"వద్దమ్మా. మూత బిగించెయ్యి. మళ్లీ దుమ్ము దులపకు."

సోమవారం వాడే లేచి మొహం కడుక్కున్నాడు. కొట్టు తెరిచాడు. ఒక చేత్తో ముందు గుండీ నొక్కుతాడు, ఇంకో చేత్తో వెనక పిన్ను పెడతాడు. ముందు గుండీ ఎందుకురా అంటే ఇంకోసారి నొక్కుతాడు.

నా పిన్ను మాత్రం ఇవ్వలేదు. ఎప్పుడడిగినా రేపంటాడు. నేనిలా జుట్టు విరబోసుకునే తిరుగుతున్నాను.