శుభ్రం చేసినవారు

"రేపు ఇన్సూరెన్సు సర్వేయర్ వస్తున్నాడు, ఇల్లు కాస్త చూడబుద్ధయ్యేలా ఉంచు," అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. ఆమె అప్పుడు నేలమీద గొంతుక్కూర్చుని, సోఫా కిందినుంచి మురికినీళ్ళు గుడ్డతో లాగి బకెట్లోకి పిండుతోంది. అది ఎన్నో బకెట్టో లెక్కపెట్టడం మానేసి రెండు రోజులైంది.

అత్తగారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సింకు కింద పైపు ఊడింది. వంటిల్లు, హాలు దాటుకుని నీళ్ళు పడగ్గదిలో నేలమీది పరుపు కింద కాపురం పెట్టాయి. ఆఫీసునుంచి వచ్చి ఆమె తలుపు తీయగానే అత్తగారి చెప్పులు తేలుతూ ఎదురొచ్చాయి. భర్త ఇన్సూరెన్సు వాళ్ళకి ఒక ఫోన్ కొట్టి, "కాగితాల పని నేను చూస్తాను, మిగతాది నువ్వు చూసుకో," అన్నాడు. మిగతాది అంటే మూడు గదులు. సెలవు ఎవరు పెట్టాలన్న ప్రశ్న పుట్టనేలేదు. "నువ్వొక్కదానివి వెళ్ళకపోతే మీ ఆఫీసులో ఏం కొంపలు మునుగుతాయి?" అన్నాడాయన. మునిగిన కొంప ఇదే కాబట్టి ఆమె మూడు రోజులు సెలవు పెట్టింది.

వచ్చేవాడు నష్టం చూడటానికి వస్తున్నాడన్న సంగతి ఆ ఇంట్లో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. బయటి మనిషి గడప తొక్కుతున్నాడంటే ఇల్లు అద్దంలా ఉండాలి, అంతే. నానిన తివాచీ మేడమీదికి పోయింది. పరుపు ఆరిన వైపు పైకి తిరిగి, కొత్త దుప్పటి కప్పుకుంది. ఉబ్బిన సొరుగును ఆమె మోకాలితో లోపలికి తన్నింది. "గోడమీద ఆ చార చూడమ్మాయ్, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని అత్తగారు అంటే, సబ్బు పెట్టి అదీ పోగొట్టింది.

మర్నాడు సర్వేయర్ వచ్చి, హాలు మధ్యన నిలబడి, నాలుగువైపులా చూశాడు. "ఇంతకీ నష్టం ఎక్కడండీ?" అన్నాడు. పోనీ ఫోటోలేమైనా ఉన్నాయా అన్నాడు. లేవు. "ఇలా అయితే నేనేం రాయను? క్లెయిమ్ కష్టమండీ."

భర్త ఒంటికాలిమీద లేచాడు. "నిన్నెవరు తుడవమన్నారు? ఇంత చదువుకున్నావ్, ఒక్క ఫోటో తీయాలని తోచలేదా? నీ శుభ్రం తగలెయ్య, అంతా మట్టిపాలు చేశావ్!"

పరాయి మనిషి ముందు ఆ మాట. ఆమె ఒళ్ళు భగ్గున మండింది. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె చేసిన పని ఎవరికీ కనపడలేదు. చేయనిది మాత్రం ఆవగింజంత అయినా కనపడేది. ఆదివారమంతా ఏం చేశావ్, ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా, ఈ కప్పు ఇంకా ఇక్కడే ఉందేం! తలనొప్పితో ఒక పూట పడుకుంటే, ఆ పూట మడతపెట్టని బట్టల గురించి వారం రోజులు విన్నది. ఇప్పుడు చూడండి, పని మరీ బాగా చేసినందుకు నేరస్థురాలైంది! తుడిస్తే తప్పు, తుడవకపోతే తప్పు. మరి ఈ చేతులు ఏం చేస్తే ఈ మనిషికి ఒప్పు? ఏం చేసినా కాదు. ఆ సంగతి ఇన్నేళ్ళూ తెలియక కాదు, తెలిసినట్టు ఉండటానికి తీరిక లేకపోయింది. ఎప్పుడూ ఇలాంటిచోట కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇవాళ తిరగలేదు. నాలుగు రోజులు నీళ్ళు తోడిందేమో, ఇక చాలనిపించింది.

"మీరు కాసేపు కూర్చోండి," అంది భర్తతో. "రండి సార్, నష్టం నేను చూపిస్తాను."

పరుపు అంచు పట్టుకోమంది. సర్వేయర్ ఒక చేత్తో ఎత్తబోయి రెండో చేయి కూడా వేశాడు, అయినా లేవలేదు. కిటికీ దగ్గర చెక్కనేలమీద గట్టిగా అడుగేయమంది. పలకల సందులోంచి నురగ పైకొచ్చింది. బీరువాను ఆమె భుజంతో జరిపితే వెనక గోడంతా నల్లగా బూజు. సొరుగు లాగితే పిడి చేతికొచ్చింది. ఆయన తేమ కొలిచే మీటరు తీసి, ఆమె వేలు పెట్టి చూపించినచోటల్లా ఆనించాడు, అది కీచుమంటూనే ఉంది. గోడలో ఎక్కడ నీరుందో ఆమెకు తెలుసు. అక్కడల్లా ఆమె చేయి తిరిగింది మరి. చివరికి మేడమీది తివాచీ కూడా చూసి దిగేసరికి ఆయన ఫారంలో రెండు పేజీలు నిండాయి.

"ఇంకొకటుంది సార్. శుభ్రం చేయడానికైన ఖర్చు కూడా ఇస్తామని పాలసీ ఏడో పేజీలో ఉంది."

"నువ్వెప్పుడు చదివావ్?" అన్నాడు భర్త, తెల్లబోయి.

"అది కూడా తడిసిందండీ, మీ కాగితాల సొరుగులో. ఒక్కొక్క పేజీ విడదీసి, బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేశాను. వరస తప్పకుండా పెట్టాలంటే చదవాలిగా."

"పనివాళ్ళని పెట్టారా మేడమ్?" అన్నాడు సర్వేయర్.

"నేనే చేశాను."

"ఇంట్లోవాళ్ళు చేసింది ఎవరూ రాయరమ్మా."

"రాయకూడదని ఉందా?"

ఆయన కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. "లేదు. ఎవరూ రాయరు, అంతే."

"అయితే నేను రాస్తాను." పెన్ను తీసుకుని, శుభ్రం చేసినవారు అన్నచోట తన పేరు పూర్తిగా రాసింది. పక్కన, ముప్ఫై ఒక్క గంటలు.

భర్త పకపకా నవ్వాడు. "సొంతింట్లో తుడిచినందుకు కూలా? పరువు తీయకు." పాలసీ మీ పేరున ఉంది, ధ్రువీకరించాల్సింది మీరే అని సర్వేయర్ అంటే, "ఎన్ని గంటలు చేసిందో నాకేం తెలుసు? నేను చూశానా?" అన్నాడు.

నిజమే, చూడలేదు. అంతకన్నా నిజమైన మాట ఆయన పదహారేళ్ళలో ఆడలేదు.

"చూసినవాళ్ళెవరైనా సాక్షి సంతకం చేస్తే సరిపోతుంది. దాని కింద మీరూ పెట్టొచ్చు," అన్నాడు సర్వేయర్ భర్తతో.

మూలన కుర్చీలో ఉన్న అత్తగారు కళ్ళజోడు సవరించుకుని లేచింది. "ఎన్ని గంటలని రాశావమ్మాయ్?"

"ముప్ఫై ఒకటి, అత్తయ్యా."

"తప్పు."

"చూశావా, అమ్మే చెబుతోంది!" అన్నాడు భర్త.

"నువ్వుండరా!" అని ఆవిడ కోడలి వైపు తిరిగింది. "మొదటి రోజు ఆఫీసునుంచి వచ్చి చేసిందేదీ? నేను పొద్దున్నే లేచేసరికే నువ్వు గుడ్డ పట్టుకుని ఉండేదానివి, అదేదీ? నలభై. కొట్టేసి నలభై వెయ్యి."

ఆమె పెన్ను మళ్ళీ అందుకుంది. కొట్టేసి నలభై వేసింది. అత్తగారు వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసి, పెన్ను వదలకుండానే సర్వేయర్ వైపు తిరిగింది.

"బాబూ, యాభై ఏళ్ళ కిందటినుంచీ చేసింది కూడా రాయొచ్చా?"

సర్వేయర్ ఫారం భర్త వైపు జరిపాడు. భర్త మొహంలో నవ్వు పోయింది. ఆ యాభై ఏళ్ళూ కూడా ఆయన చూడలేదు. తల్లి చేతిలోంచి పెన్ను అందుకుని, నలభై గంటలని ఉన్న గీత కింద సంతకం పెట్టాడు.

"వంటింటి అల్మరా వెనక ఇంకా ఆరలేదు," అంది ఆమె భర్తతో. "ఆ గంటలు మీ పేరున రాద్దాం. లేవండి."

ఆయన లేచాడు.