పక్క మారిన ముద్ర

మా ఆయన తాగడు, పేకాడడు, పరాయి ఆడవాళ్ల వంక కన్నెత్తి చూడడు. వీటిలో ఏ ఒక్కటున్నా చర్చికొచ్చే ఆడవాళ్లతో చెప్పుకుని కాస్త సానుభూతి సంపాదించుకునేదాన్ని. గ్యారేజీలో లేత్ పెట్టుకుని బేస్‌బాల్ బ్యాట్లు చెక్కే మొగుడి గురించి ఎవరికి చెప్పుకోను? కారు బయట మంచులో, లేత్ లోపల వెచ్చగా. కాఫీలో చెక్కపొట్టు, దుప్పట్లో చెక్కపొట్టు. ఒకసారి నేను ఓవెన్‌లో కాల్చిన యాపిల్ పైలో కూడా పడింది. మా ఆయన వెండెల్ దాన్ని దాల్చినచెక్క అనుకుని మెచ్చుకుంటూ తిన్నాడు.

మా ఊళ్లో యాభై దాటినవాళ్ల జట్టు ఆయన చెక్కిన బ్యాట్లతోనే ఆడుతుంది. బ్యాటు పూర్తికాగానే, వాళ్ల నాన్న ఇచ్చిన ఇనుప ముద్రను ఎర్రగా కాల్చి, కర్రలో గీతలు అలలు అలలుగా అందంగా కనబడే పక్కన అద్దుతాడు. ఆడేవాడు ఆ ముద్ర తన మొహంకేసి ఉండేలా పట్టుకోవాలి. అప్పుడు బంతి ఆ పక్కన కాకుండా, సన్నగీతలు బారులు తీరిన పక్కన తగులుతుంది. మొదట్నుంచీ బ్యాట్లకు వాడే యాష్ చెట్టు కర్రకు గట్టి పక్క అదే. పెన్సిల్వేనియాలో పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

పురుగు పట్టి మా కొండల్లో యాష్ చెట్లు ఎండిపోయాక వెండెల్ మేపుల్ చెట్టు కర్రకు మారాడు. అక్కణ్ణుంచి బ్యాట్లు విరగడం మొదలైంది. ఏప్రిల్లో చలి వల్ల అన్నాడు. జూన్‌లో ఎండ వల్ల అన్నాడు. ఆ తర్వాత, జట్టులో ఎవడికీ బ్యాటు పట్టుకోవడం రాదన్నాడు.

జట్టును నడిపేది వెండెల్ వాళ్ల అన్నయ్య ఆర్విల్. వచ్చి మా వంటింట్లోనే తేల్చేశాడు.

"ఒరే తమ్ముడూ, శనివారం ఆటలో ఒక్క బ్యాటు విరిగినా దుకాణంలోవి తెప్పిస్తా. నువ్వు మంచం కోళ్లు చెక్కుకో."

ఆ పూట వెండెల్ మాంసం రొట్టె రెండో ముక్క అడగలేదు. ఆయన్ని ఎరిగినవాళ్లకు అదెంత దుఃఖమో తెలుస్తుంది. వెళ్లి లేత్ మీద శవానికి కప్పినట్టు దుప్పటి కప్పాడు.

విరిగిన బ్యాట్లు నా పొయ్యిలోకి వస్తాయి. ఒక్కొక్కటీ తోస్తూ చూశాను. అన్నీ సన్నగీతల పక్కన దెబ్బ తగిలి చీలినవే.

"జట్టు మొత్తంలో ఆ ఫ్లాయిడ్ బ్యాటొక్కటే విరగలేదెందుకో," అన్నాను.

"వాడు బంతికి తగిలిస్తే కదా విరగడానికి!"

"తగిలిస్తాడు. మైదానం హద్దు బయటకి కొడతాడు, అంతే. ముద్ర ఎటుందో చూసుకోకుండా తిప్పి పట్టుకుంటాడు. మేపుల్‌కి గట్టి పక్క వేరేమో, వెండెల్."

"మా నాన్న వేసిన చోటే వేస్తాను. నువ్వు పైలు చూసుకో, లోర్నా."

పైలే చూసుకునేదాన్ని. కానీ శుక్రవారం ఆయన కోళ్ల దాణాకని బయల్దేరాడు. మిగిలిన మేపుల్ ముక్కలు రెండు మెట్టుకు ఆనించి సుత్తితో కొట్టి చూశాను. సన్నగీతల మీద కొట్టింది ఫెళ్లున విరిగింది. అలల మీద కొట్టింది నా భుజాన్ని అదరగొట్టి తను మాత్రం అలాగే ఉంది. ఇక ఆలోచించలేదు. మర్నాడు ఆయన ఆడబోయే బ్యాటు మీది ముద్రను ఉప్పు కాగితంతో రుద్ది చెరిపేసి, ఇనుము కాల్చి, పావు చుట్టు పక్కకు జరిపి, సన్నగీతల పక్కన వేశాను. ఇక ముద్ర మొహంకేసి పట్టుకుంటే బంతి అలల పక్కనే తగులుతుంది. నూనె కూడా రాశాను. పని సగంలో వదిలేసే అలవాటు నాకు లేదు.

శనివారం ఆట ఆఖరికొచ్చేసరికి మావాళ్లు ఒక్క పరుగు వెనకబడ్డారు. చుట్టు పూర్తికాక బేసుల మీద ఇద్దరు ఆగి ఉన్నారు. ఇద్దరు అవుటైపోయారు, మూడోవాడూ అవుటైతే ఆట అయిపోయినట్టే. వెండెల్ వంతు వచ్చింది.

"కట్టెలు ఏరుకోడానికి సంచి తెచ్చుకున్నావా, వెండెల్?" అని బంతి వేసేవాడు అరిచాడు. పక్క ఊరివాళ్లంతా ఘొల్లుమన్నారు.

వెండెల్ బ్యాటు ఎత్తి ఆగిపోయాడు. "ఇదేంటి, ముద్ర పక్కకి పోయింది? ఏ తాగుబోతు వేశాడు?" అని తిరిగి నా వంక చూశాడు. నేను మహా శ్రద్ధగా వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాను.

"పెద్దాయనా, ఆడతావా, దానికి పెళ్లి సంబంధం చూస్తావా?" అన్నాడు అంపైరు.

చేతుల అలవాటు ఎక్కడికి పోతుంది? పళ్లు నూరుకుంటూనే ముద్ర మొహంకేసి తిప్పుకుని నిలబడ్డాడు.

మొదటి బంతి వదిలేశాడు. రెండోదాన్ని ఒంట్లో ఉన్న కోపమంతా పెట్టి కొట్టాడు.

ఫెళ్లుమనలేదు. ఠంగుమంది! యాష్ చెట్లు పోయాక మా మైదానంలో వినబడని చప్పుడది. బంతి మైదానం మధ్యలో బంతులు పట్టేవాడి తల మీదుగా పోయి కంచెకు కొట్టుకుంది. మా జట్టంతా లేచి నిలబడింది. వెండెల్ మాత్రం పరుగు మాట మరిచి బ్యాటును అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"పరిగెత్తరా వెధవా! తర్వాత ముద్దుపెట్టుకోవచ్చు!" ఆర్విల్ గొంతు బొంగురుపోయింది.

పరిగెత్తాడు, బ్యాటు చంకలో పెట్టుకునే. బేసుల మీది ఇద్దరూ చుట్టు పూర్తిచేసి రెండు పరుగులు తెచ్చారు. గెలిచాం. ఫ్లాయిడ్ నన్ను అమాంతం ఎత్తి తిప్పాడు, నేనేం చేశానో తెలియకుండానే.

అరుపులు కాస్త తగ్గాక వెండెల్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. బొటనవేలితో ముద్రను తడుముతున్నాడు.

"నువ్వేనా?"

"నూనె సరిగ్గా ఇంకిందా?" అన్నాను.

ఆయన టోపీ తీశాడు. చుట్టూ జట్టంతా ఉంది, ఓడిపోయినవాళ్లూ ఉన్నారు. "తప్పు చలిదీ కాదు, వీళ్లదీ కాదు. నాదే," అని గొణిగాడు.

ఆర్విల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటి తమ్ముడూ? వినబళ్లేదు."

"ముద్ర తప్పు పక్కన వేస్తూ వచ్చాను! లోర్నా చెప్పింది, నేను వినలేదు! తప్పు నాది!" అని మైదానం అదిరేలా అరిచాడు మా ఆయన.