జూనిపర్ గంట

లైల్ టొరెన్సన్ పొద్దున్నే లేవగానే చేసే మొదటి పని పొయ్యిలో కట్టె వెయ్యడం. రెండోది కాఫీ పెట్టడం. మూడోది వంటింటి కిటికీ తెరిచి గంట వినడం. గంట వినిపిస్తే అతని ఆడగుర్రం జూనిపర్ క్షేమం. జూనిపర్ క్షేమమైతే నాలుగు కంచరగాడిదలూ దాని చుట్టుపక్కలే ఉన్నట్టు లెక్క. ఆ తర్వాతే అతను తీరిగ్గా ముఖం కడుక్కునేవాడు.

కంచరగాడిదల సంగతి మోంటానా కొండల్లో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. కంచె దూకుతాయి, ముడి విప్పుతాయి, మనిషి మాట ఖాతరు చెయ్యవు. అదే మెడలో గంట కట్టిన ఒక ఆడగుర్రాన్ని ముందు నడిపిస్తే బుద్ధిగా దాని వెనకే పోతాయి. రాత్రి మేతకి వదిలేటప్పుడు గుర్రానికి మాత్రం ముందరికాళ్ళకి బంధం వేస్తే చాలు. అది దూరం పోలేదు, దాన్ని వదిలి గాడిదలూ పోవు. లైల్ తాత అలాగే చేశాడు, తండ్రీ అలాగే చేశాడు.

జూనిపర్ తల్లి ఈనగానే చచ్చిపోతే, లైల్ భార్య నడీన్ ఆ పిల్లని వంటింట్లో పడుకోబెట్టి సీసాతో పాలు పట్టి పెంచింది. మెడకి ఇత్తడి గంట కట్టింది కూడా ఆవిడే. నడీన్ పోయి మూడేళ్ళయింది. వరండాలో కుర్చీ తప్ప ఇంట్లో ఆవిడ వస్తువులన్నీ ఎవరెవరికో ఇచ్చేశాడు గానీ, పొద్దున్నే ఆ గంట వినబడితే ఆవిడ పెరట్లో తిరుగుతున్నట్టే ఉండేది లైల్‌కి. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

అతని వృత్తి వేటగాళ్ళని కొండెక్కించడం. శరత్కాలంలో ఆరువారాలు పైన డేరాలు వేసి, పట్నాల నుంచి వచ్చినవాళ్ళకి ఎల్క్ దుప్పుల్ని చూపించి, వేటాడిన మాంసాన్ని గాడిదల మీద దింపేవాడు. ఆ ఆరువారాలే ఏడాదంతా అన్నం పెట్టేవి. అతనొక్కడికే కాదు, సాల్టర్ లోయ మొత్తానికి. వేట రోజుల్లో వెరా హోటలు తెల్లవారుజామున నాలుగింటికే తెరిచేది. అప్పటికే గుమ్మం బయట జనం బారులు తీరి ఉండేవాళ్ళు.

తోడేళ్ళు తిరిగొచ్చాక అంతా మారిపోయింది. అవి ఎల్క్‌లన్నిటినీ తినేశాయని గస్ అంటాడు. అన్నిటినీ తినలేదు, కొన్నే తిన్నాయి. మిగిలినవి నోరు మూసుకోవడం నేర్చుకున్నాయి. ఒకప్పుడు సెప్టెంబరు వస్తే మగ ఎల్క్‌ల అరుపులకి లోయ మారుమోగేది. ఇప్పుడవి చప్పుడు చెయ్యకుండా, మనిషి ఎక్కలేని చీకటి అడవుల్లో నక్కి ఉంటున్నాయి. వేటగాళ్ళు వారం రోజులు మంచులో తడిసి, వట్టి చేతులతో దిగి, మరుసటేడు ఫోన్ కూడా చెయ్యడం మానేశారు. వెరా ఇప్పుడు ఏడింటికి తెరుస్తోంది.

గస్ లిండాల్‌ది పక్క పొలం. అతనూ వేటగాళ్ళని కొండెక్కించేవాడే, పైగా ఆవులున్నాయి. ఆ ఏడు సెప్టెంబరులో లైల్ డేరాలు కడుతుంటే వచ్చి కంచె మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఆ గంట తీసెయ్ లైల్. తోడేళ్ళని భోజనానికి పిలుస్తున్నట్టుంది."

"తీసేస్తే నా గాడిదలు కెనడాలో తేలతాయి."

"పోనీ కాళ్ళబంధమైనా వెయ్యకు. అదను దొరికితే పరిగెత్తుతుంది పాపం."

"మా నాన్న వేశాడు, నేనూ వేస్తాను. నీ ఆవుల సంగతి చూసుకో ముందు."

గస్ ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు లైల్ తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాడు.

పై డేరాలో నాలుగో పొద్దున లైల్ కాఫీ కప్పు పట్టుకుని బయటికొచ్చి విన్నాడు. ఏమీ వినబడలేదు. గాడిదలు నాలుగూ మైదానం మధ్యలో తలలు వంచి నిలబడి ఉన్నాయి. వాటి దగ్గరే జూనిపర్ పడి ఉంది. తోడేళ్ళు తినగలిగినంత తిని పోయాయి. ముందరికాళ్ళకి బంధం మాత్రం ముందురోజు సాయంత్రం లైల్ ఎలా బిగించాడో అలాగే ఉంది. అతను కూర్చుని, దాన్ని విప్పాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది.

మెడ దగ్గర గంట దొరికింది. దులిపి ఊపాడు. లోపలి నాలుక అటూ ఇటూ కొట్టుకుంది గానీ చప్పుడు రాలేదు. మళ్ళీ ఊపాడు. గంటలో మోత లేదు. దాన్ని ఇంటికి తెచ్చి వరండాలో మేకుకి తగిలించాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఎదుటి గట్టు మీద గంట మోగింది. గాడిదలు చెవులు నిక్కబొడిచి, కంచె దూకి, వరసగా కొండెక్కాయి. లైల్ దుర్భిణీ పెట్టి చూశాడు. బూడిదరంగు ఆడతోడేలు ఒకటి గట్టు వెంబడి నడుస్తోంది. అది అడుగు వేసినప్పుడల్లా జూనిపర్ గంట మోగుతోంది. దాని వెనకాల గాడిదలు ట్యూలిప్, డీకన్, సిస్, హెన్రీ, ఎప్పటి వరసలో అలాగే నడుస్తున్నాయి. తోడేలు ఆగి వెనక్కి చూసి పళ్ళు చూపించింది. అవీ ఆగాయి. అది కదిలితే అవీ కదిలాయి.

మర్నాడు హోటల్లో అదే మాట.

"మెడ దగ్గర మొదట కొరికింది అదే అయ్యుంటుంది," అంది వెరా కాఫీ పోస్తూ. "మోత దాని కడుపులోకి పోయింది మరి. లైల్, పంచదార?"

"ఒకందుకు మంచిదేలే," అన్నాడు గస్. "ఎక్కడుందో మనకి తెలుస్తుంది."

మనుషులకే కాదు, ఎల్క్‌లకీ తెలిసింది. గంట మైలు దూరంలో ఉండగానే అవి గట్టు దాటి పోయేవి. ఆ ఏడాది లైల్ వేటగాళ్ళకి ఒక్క ఎల్క్ కూడా కనబడలేదు. తోడేలుకీ దొరకలేదు. చూస్తుండగానే పక్కటెముకలు తేలాయి. మిగతా తోడేళ్ళు దాన్ని వేటకి రానివ్వడం మానేశాయి. ఒక్క మగతోడేలు మాత్రం తెచ్చి పెట్టేది. మిగిలిన రోజుల్లో అది వేటగాళ్ళు వదిలేసిన పేగులు తిని బతికింది.

వసంతంలో ఈనింది. రెండు పిల్లలు. తల్లి అడుగుల చప్పుడు వినబడగానే బొరియలోంచి దొర్లుకుంటూ వచ్చేవి. గాడిదలు చుట్టూ కావలి ఉండేవి. లైల్ నెలకి రెండుసార్లు వెళ్ళి వాటిని బతిమాలి తోలుకొచ్చేవాడు, అవి వారం తిరక్కుండా మళ్ళీ పోయేవి.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. మిన్నెసోటా నుంచి నలుగురు వేటగాళ్ళు మాత్రం వస్తామన్నారు. వాళ్ళు కూడా వట్టి చేతులతో పోతే తాతల నాటి డేరా ఇక మడిచి పెట్టుకోవలసిందే. అందుకే తోడేలు వేటకి లైసెన్సు తీసుకున్నాడు. అడిగినవాళ్ళకి అదే చెప్పాడు. చెప్పనిది ఇంకొకటుంది. రోజూ పొద్దున కిటికీ తెరిస్తే కొండమీద గంట వినబడేది. వినగానే ఒక్క క్షణం జూనిపర్ క్షేమం అనిపించేది. ఆ తర్వాతి క్షణాన్ని అతను భరించలేకపోయాడు.

వేట మొదలైన రెండోరోజు, వాగు ఒడ్డున పేగుల కుప్ప దగ్గర ఆ ఆడతోడేలు దొరికింది. గాడిదలు అడ్డంగా నిలబడ్డాయి. హెన్రీ పక్కకి జరిగేదాకా ఆగి, ఒక్కటే తూటా పేల్చాడు. గంట ఆగిపోయింది. ఏడాదిగా ఈ నిశ్శబ్దమే కోరుకున్నాడు. దాని దగ్గరికి వెళదామని అడుగు వేశాడు.

బూటు కింద గంట మోగింది.

గాడిదలు నాలుగూ తలలు తిప్పి అతని వైపు చూశాయి.

బూట్లు విప్పి నడిచాడు. మోగింది. మేజోళ్ళు కూడా తీసి, చల్లటి రాళ్ళ మీద వట్టి కాళ్ళతో నడిచాడు. అయినా మోగింది. హోటల్లో అడుగు పెడితే వెరా తలెత్తి చూసి, "మెల్లిగా రా, నా గుడ్లన్నీ కింద పడతాయి," అంది. అని, ఎప్పుడూ లేనిది వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

మిన్నెసోటా వాళ్ళు వచ్చారు. లైల్ నడిచిన వైపు మూడు మైళ్ళలో ఎల్క్ అన్నది నిలవలేదు. నాలుగోరోజున వాళ్ళలో పెద్దాయన మర్యాదగా, "మీ తప్పేం లేదు లెండి, మేమే త్వరగా బయల్దేరాలి," అని సామాను సర్దించాడు. నలభై ఏళ్ళు వేటాడినవాడు వేటకి పనికిరాకుండా పోయాడు. ఏడాదిపాటు ఆ తోడేలు ఎలా బతికిందో లైల్‌కి ఇప్పుడు తెలిసింది. చాలా ఆలస్యంగా తెలిసింది.

డేరా దింపుకుని ఇంటికొచ్చిన మర్నాడు, వెనక మైదానంలో కంచె బాగు చెయ్యడానికి నడుస్తున్నాడు. అడివి అంచున పొదలు కదిలాయి. రెండు తోడేలు పిల్లలు పరుగున బయటికొచ్చాయి. ఐదు నెలలవి, కాళ్ళు పొడుగ్గా, చెవులు పెద్దగా ఉన్నాయి. ఒకదాని ముందుకాలు తెల్లగా ఉంది. తోకలు ఊపుకుంటూ పది గజాల దూరం దాకా వచ్చి, అతన్ని చూసి ఆగిపోయాయి. తర్వాత అతని వెనక్కి చూశాయి. గాడిదల కాళ్ళ మధ్య వెతికాయి. మళ్ళీ అతని కాళ్ళవైపు చూశాయి.

లైల్ కదల్లేదు. కదలకపోతే మోత లేదు. అలా గంటసేపు కొయ్యలా నిలబడ్డాడు, అవి నిరాశపడి అడివిలోకి పోయేదాకా. అప్పుడు తలెత్తి చూస్తే రోడ్డు మీద గస్ బండి ఆగి ఉంది.

సాయంత్రం గస్ వచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"లైల్, నాతో రేపు ఆ గట్టు దాకా నడు. నీ గంట విని పిల్లలొస్తాయి, పిల్లల్ని చూసి పెద్దవీ వస్తాయి. నేను తుపాకీతో కాచుకుంటాను, గుంపంతా ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోతుంది."

లైల్ మేకుకి వేలాడుతున్న గంట వైపు చూశాడు.

"ఈ ఏడాది ఏడు దూడలు పోయాయి నాకు. మా ఆవిడ కారిన్ బడి బస్సు నడుపుతోంది, తెలుసుగా. వేటకని ఒక్కడూ రావడం లేదు. నాలుగు అడుగులు వెయ్యమంటున్నాను, అంతే. నీ జూనిపర్‌ని తిన్న జాతే అది."

"తెలుసు."

"మరి?"

"మోకాళ్ళు పోయాయి గస్. నడవలేను."

గస్ అతని మోకాళ్ళ వైపు చూశాడు. అవి ఎలాంటి మోకాళ్ళో లోయలో అందరికీ తెలుసు. "పొద్దున బానే నడిచావుగా," అన్నాడు.

"పొద్దున్నే పోయాయి."

ఆ రోజు నుంచి లైల్ నడవడం మానేశాడు. వరండాలో నడీన్ కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లో నాలుగు అడుగులు వేసినా గంట కొండదాకా వినబడేది, అడివిలోంచి రెండు గొంతులు ఆత్రంగా పలికేవి, వెంటనే దూరంగా ఎవరో తుపాకీ పట్టుకున్నవాళ్ళ బండి ఆగేది. దాంతో వెరా తన హోటలు ఆఫీసులో ఉన్న చక్రాల కుర్చీ తెచ్చి పడేసింది.

"రోజుకి ఇరవై మైళ్ళు నడిచేవాడివి. ఇప్పుడు మహారాజులా తోయించుకో," అంటూ పొయ్యి దగ్గర్నుంచి మంచం దగ్గరికీ, మంచం దగ్గర్నుంచి కిటికీ దగ్గరికీ తోసేది. మధ్యాహ్నం కూర తెచ్చేది, కట్టెలు కొట్టేది, తిడుతూనే కొట్టేది. "తోడేలు పిల్లల కోసం కాళ్ళు కట్టుకున్నవాణ్ణి ఎక్కడా చూళ్ళేదు నేను."

"జూనిపర్ కాళ్ళు కట్టింది నేనే కదా," అన్నాడు లైల్.

వెరా గొడ్డలి దించి, ఇంకో కట్టె నిలబెట్టి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

మంచు పడింది. గాడిదలు వరండా చుట్టూ నిలబడే ఉన్నాయి, వీపుల మీద మంచు పేరుకుంటున్నా కదల్లేదు. గస్ ఇంకో మూడుసార్లు వచ్చి అడిగాడు. నాలుగోసారి ఏమీ అడక్కుండా గడ్డిమోపు దింపి గాడిదలకి వేశాడు. ఆ తర్వాత రోజు విడిచి రోజు వేసేవాడు. క్రిస్మస్ ముందు లైల్ తన డేరాలన్నీ అతనికి ఇచ్చేశాడు. "నువ్వు వేసుకో. పొయ్యి గొట్టం కొంచెం కారుతుంది, చూసుకో," అన్నాడు. గస్ వద్దనలేదు. టోపీ పెట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు.

మార్చి మధ్యలో తోడేళ్ళ వేట ముగిసింది. తర్వాత కూడా లైల్ రెండు వారాలు కూర్చునే ఉన్నాడు, అలవాటైపోయి. ఒక పొద్దున వెరా బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చింది.

"పై కనుమ దగ్గర ఎప్పటివో పాత అడుగులు ఉన్నాయిట, గస్ చూశాడు. రెండు కుర్రతోడేళ్ళవి. అవతలి వైపు దిగిపోయాయిట. ఇక లే."

"వాడు కాల్చలేదా?"

"అడుగుల్ని కాలుస్తారా ఎవరైనా? లే, నా కుర్చీ నాకు కావాలి."

ఆవిడ చెయ్యి ఇచ్చింది. వరండా పిట్టగోడ పట్టుకుని లేచాడు. మోకాళ్ళు నిజంగానే పోయాయి, పటపటమన్నాయి. బూట్లు ఎండిపోయి బిగిసి ఉన్నాయి. మెట్టు దిగి ఒక అడుగు వేశాడు.

గంట మోగింది. గాడిదలు తలలెత్తాయి. మోత మైదానం దాటి, వాగు దాటి, అడివి అంచుకి వెళ్ళింది. లైల్ ఆగి విన్నాడు. అడివిలోంచి ఎవరూ పలకలేదు.

చలికాలం పొడుగునా అతను కోరుకున్నది ఇదే, ఎవరూ పలకకూడదని. పెద్దవయ్యాయి, వేట నేర్చుకున్నాయి, వాటికి ఇక తల్లి అక్కర్లేదు. కళ్ళు తుడుచుకుని ఇంకొక అడుగు వేశాడు. ఈసారి కొంచెం గట్టిగా వేశాడు, ఒకవేళ వినబడలేదేమోనని.