గాజుకు ఇవతల

గాజుపలక మీద పిల్లల వేలిముద్రలు తుడుస్తూ ఆమె లోపలికి తొంగిచూసింది. పెద్దబల్లి గోడకు అతుక్కుని ఉంది. జానకు ఎక్కువ, మూరకు తక్కువ. నీలపు ఒంటి మీద నారింజ చుక్కలు.

జంతుప్రదర్శనశాలలో పాములూ బల్లులూ ఉండే వరసను పద్దెనిమిదేళ్లుగా ఆమే ఊడుస్తోంది. తోటివాళ్లు బల్లక్క అంటారు. కాంట్రాక్టు మనిషి కాబట్టి తాళాలు మాత్రం చేతికివ్వరు. బల్లి ఉండే గాజుగది కప్పు కారుతోందని నిన్న మేనేజరు దాన్ని ఉడుము గదిలోకి మార్పించి, మధ్యలో ఇనుపవల కట్టించాడు.

"ఉడుంపట్టని ఊరికే అన్నారా సారూ? దాని గోళ్ల ముందు ఆ వల ఏ మూలకి? బల్లిని రెండ్రోజులు బుట్టలో పెట్టుకుందాం," అందామె.

"నువ్వు చీపురు సంగతి చూసుకో బల్లక్కా."

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఉడుము వల మూలను గీకడం మొదలుపెట్టింది. బల్లి కదల్లేదు. ఒంటిరంగు మెల్లగా ముదిరి గోడలో కలిసిపోయింది. అలా కదలకుండా ఉండడం ఎలాంటిదో ఆమెకు తెలుసు. మొగుడు తాగొచ్చిన రోజుల్లో తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడేది. అతని కంటబడకపోతే ఆ పూట గడిచినట్టే. చివరికి ఇల్లూ సామానూ అతనికే వదిలేసి, కూతుర్ని చంకనేసుకుని బయటపడింది.

వల ఊడింది.

ఉడుము మూతి ఇవతలికి రాగానే బల్లి ఒళ్లు ఉబ్బించింది. నోరంతా తెరిచి కుక్కపిల్లలా మొరిగింది. ఉడుము ఒక్క క్షణం తటపటాయించింది, అంతే. బల్లక్క ఆఫీసుకు పరుగెత్తింది. తాళాలు జంతువుల డాక్టరు దగ్గరున్నాయి. డాక్టరు భోజనానికి వెళ్లాడు.

"తోక పోతే మళ్లీ మొలుస్తుందిలే. వస్తున్నా," అన్నాడు మేనేజరు ఫోనులో.

ఆమె తిరిగొచ్చేసరికి తెగిన తోక నేలమీద ఎగిరెగిరి పడుతోంది. ఉడుము దాని వెంటపడింది. ఆ సందులో బల్లి పైమూలకు పాకింది.

"అక్కడే ఉండు తల్లీ, దిగొద్దు!" అంటూ ఆమె చీపురుకర్రతో గాజును బాదింది. ఉడుము తల కూడా తిప్పలేదు. తోకను మింగి, నాలుక ఆడిస్తూ కొమ్మ పట్టుకుని పైకెక్కింది.

ఈసారి వదిలేయడానికి బల్లికి ఏమీ మిగల్లేదు.

తాళాలు వచ్చేసరికి ఉడుము కొమ్మ మీద కళ్లు మూసుకుని ఉంది. మేనేజరు వలను కాలితో కదిపి చూశాడు.

"ఎవరైనా అడిగితే జబ్బుచేసి పోయిందని చెప్పు," అన్నాడు.

"అలాగే సారూ," అంది.

సాయంత్రం, నిన్న ఖాళీ చేయించిన బల్లి పాత గదిని కడగమన్నారు. బెరడుముక్క ఎత్తితే, దాని వెనక బల్లి విడిచిన కుబుసం కనబడింది. ఒక్క ముందుకాలిది మాత్రమే. చంటిపిల్ల చేతితొడుగులా పల్చగా, ఐదు వేళ్లూ విప్పుకుని, బెరడును ఇంకా పట్టుకునే ఉంది.